జడ్జీని ఎవరు ఎంచారు? ఏం చూసి ఎంచారు? మనకు చెప్పాల్సిందే!

వాయిదాకొచ్చిన అన్నలారా, అక్కలారా! చెట్టు కింద సద్దిమూట విప్పిన పెద్దలారా! జిరాక్సు కొట్టు ముందు లైన్లో నిలబడ్డ తమ్ముళ్లారా! నల్లకోటు తొడుక్కుని నెలాఖరుకు రూమ్ అద్దె ఎలా కట్టాలా అని లెక్కలేసుకునే జూనియర్ వకీళ్లారా!

ఒక్క పది నిమిషాలు ఇటివ్వండి. ఎలాగూ మీ కేసు పిలిచేసరికి ఇంకా టైముంది!

మీ ఊళ్లో అంగన్‌వాడీ ఆయా పోస్టు ఖాళీ అయింది. ఏం చేస్తారు? నోటిఫికేషన్ వేస్తారు. ఏ ఊరావిడై ఉండాలి, ఎంత చదివి ఉండాలి, వయసెంత, పోస్టు ఏ కేటగిరీకి అని అన్నీ అందులో రాస్తారు. రేషన్ డీలరు కావాలన్నా ఆర్డీవో ఆఫీసు పరీక్ష పెడుతుంది, ఇంటర్వ్యూ చేస్తుంది. ఇదే కోర్టులో అటెండరు కావాలంటే? పరీక్ష! జూనియర్ సివిల్ జడ్జి కావాలంటే? ప్రిలిమ్స్, మెయిన్స్, వైవా! పైగా మూడేళ్ల ప్రాక్టీసు ఉండి తీరాలని 2025 మే 20న సుప్రీంకోర్టే తీర్పిచ్చింది.

మరి హైకోర్టు జడ్జి కావాలంటే?

నోటిఫికేషన్ లేదు. దరఖాస్తు లేదు. మార్కులు లేవు. ఇంతమందిని పరిశీలించాం, వీళ్లలో ఫలానావారు ఇందుకు మెరుగు అని చెప్పే కాగితం మన కంట పడదు. రాజ్యాంగం 217వ అధికరణ అడిగే అర్హత ఎంతో తెలుసా? ఈ దేశ పౌరుడై ఉండాలి. పదేళ్లు న్యాయాధికారిగానో, పదేళ్లు హైకోర్టు వకీలుగానో పనిచేసి ఉండాలి. అంతే! ఆ లెక్కన మన రెండు తెలుగు రాష్ట్రాల్లో అర్హులు వేలల్లో ఉన్నారు. ఆ వేలల్లోంచి ఒక్కరిని పిలిచేదెవరు? ఏం చూసి పిలుస్తారు? మిగతావాళ్లను ఎందుకు పిలవలేదు?

చెప్పరు!

"పెద్ద కోర్టుల గొడవ మనకెందుకులే" అంటున్నారా? ఆ మాట మాత్రం అనకండి. మన కొంపలు ముంచినా తేల్చినా ఆ కుర్చీలే!

అప్పటి విశాఖ జిల్లా అనంతగిరి కొండల సంగతి గుర్తుందా? గిరిజనుల భూముల్ని ప్రైవేటు మైనింగ్ కంపెనీలకు లీజుకిచ్చారు. సమత సంస్థ కోర్టుకెక్కింది. హైకోర్టులో ఓడింది. సుప్రీంకోర్టుకు పోయింది. 1997 జూలై 11న తీర్పొచ్చింది. ముగ్గురు జడ్జీల బెంచ్! షెడ్యూల్డ్ ప్రాంతంలో ప్రైవేటు కంపెనీలకు గనుల లీజులు చెల్లవని ఇద్దరు రాశారు. ఒకాయన కాదన్నారు. రెండు ఒకటి! ఆ ఇద్దరిలో ఒకరు మన తెలుగు నేల నుంచి వెళ్లిన దళిత జడ్జి, జస్టిస్ కె. రామస్వామి. ఆ రోజు ఇంకొక్క కుర్చీ అటు తిరిగి ఉంటే? ఆ కొండలు ఎవరివయ్యేవి?

ఒక్క కుర్చీ, అన్నా! ఒక్క కుర్చీ!

చుండూరు సంగతి చూడండి. 1991 ఆగస్టు 6. ఎనిమిది మంది దళితుల్ని నరికి చంపారు. ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. పదహారేళ్ల తర్వాత, 2007లో, 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు పడింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందరినీ నిర్దోషులంది! ఆ తీర్పు ఒప్పా తప్పా అన్నది ఈ కాగితంలో తేలేది కాదు. తేల్చేది పై కోర్టు. మేం అడిగేది వేరు. ఎనిమిది శవాల లెక్క చూసే కుర్చీలోకి మనుషులు ఎలా వస్తున్నారో ఆ శవాల తాలూకు జనానికి తెలియాలా, వద్దా?

2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టులో ఐదుగురు జడ్జీల బెంచ్ జీవో నంబరు 3ను కొట్టేసింది. ఏజెన్సీలో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్న జీవో అది. ఒక్క తీర్పుతో పోయింది! డీఎడ్, బీఎడ్ చేసి ఆ పోస్టుల మీదే ఆశ పెట్టుకున్న పాడేరు పిల్లలు, భద్రాచలం పిల్లలు, ఉట్నూరు పిల్లలు ఎవరిని అడగాలి? కొండ మీద బడి ఎలా ఉంటుందో, మైదానం నుంచి వచ్చిన పంతులు వారానికి ఎన్ని రోజులు కొండెక్కుతాడో తెలిసిన మనిషి అలాంటి బెంచ్ మీద ఒక్కరన్నా ఉండాలని ఎవరైనా ఆలోచిస్తున్నారా?

ఇక మన రోజువారీ గోస!

రిట్ వేసి నాలుగేళ్లయింది. శ్రీకాకుళంలో రాత్రి బస్సెక్కి, తెల్లారి విజయవాడలో దిగి, బస్టాండులోనే మొహం కడుక్కుని, ఇంకో బస్సు పట్టుకుని నేలపాడులోని హైకోర్టుకు చేరతారు. లేదంటే ఆదిలాబాద్‌లో బస్సెక్కి, హైదరాబాద్‌లో దిగి, మదీనా దగ్గరి హైకోర్టు దాకా సిటీ బస్సులో వేలాడతారు. గేటు దగ్గర పాసు. కాజ్‌లిస్టులో మీ నంబరు 94. పదిన్నరకు కోర్టు మొదలైంది. భోజనాల వేళకు 31. సాయంత్రం జడ్జిగారు లేచేసరికి 58. వకీలుగారు ఫైలు చంకన పెట్టుకుని బయటికొచ్చి "రీచ్ కాలేదమ్మా, మళ్లీ పెట్టిస్తా" అంటారు. ఆయన్ననేం లాభం? ఆయనా పొద్దుట్నుంచీ నిలబడే ఉన్నాడు! బస్సు చార్జీ మీది. పోయిన కూలి మీది. ఊరెళ్లాక "ఏమైందే" అని అడిగేవాళ్లకు చెప్పుకోవాల్సిన సిగ్గు కూడా మీదే!

ఓడినోడు కోర్టులో ఏడిస్తే గెలిచినోడు ఇంటికొచ్చి ఏడ్చాడని మన పెద్దోళ్లు ఊరికే అనలేదు. ఇప్పుడు గెలుపూ ఓటమీ దాకా పోతేగా! ఏడుపంతా వాయిదాల్లోనే అయిపోతోంది.

94వ నంబరు ఎందుకు రాలేదు? కుర్చీలు ఖాళీ! తెలంగాణ హైకోర్టుకు మంజూరైన జడ్జీలు 42 మంది. 2021లో మన జస్టిస్ ఎన్వీ రమణ చీఫ్ జస్టిస్‌గా ఉన్నప్పుడు 24 నుంచి 42కు పెంచారు. ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు 37 మంది. ఆ లెక్క నిండా జడ్జీలు కూర్చున్న రోజు మాకైతే గుర్తులేదు. పెండింగు కేసులేమో రెండు హైకోర్టుల్లోనూ రెండేసి లక్షలకు పైనే! దేశం మొత్తం మీద హైకోర్టుల్లో 1,100కు పైగా కుర్చీలుంటే మూడు వందలకు అటూ ఇటూగా ఎప్పుడూ ఖాళీయే. జడ్జి ఎప్పుడు రిటైరవుతాడో ఆయన ప్రమాణం చేసిన రోజే తెలుసు కదా! 62 ఏళ్లకు హైకోర్టు, 65కు సుప్రీంకోర్టు. పుట్టినరోజు చూసి చెప్పగలిగే ఖాళీని ముందే నింపలేరా?

ఎందుకు నింపరో తెలియాలంటే ఆ ఫైలు వెంట నడవాలి. రండి!

హైకోర్టు చీఫ్ జస్టిస్, ఆయన తర్వాతి ఇద్దరు సీనియర్లు కూర్చుని పేర్లు రాస్తారు. ఆ పేర్లు ఎలా వచ్చాయో బయటికి రాదు. ఫైలు ముఖ్యమంత్రికి, గవర్నరుకు పోతుంది. అక్కణ్నుంచి ఢిల్లీలో న్యాయశాఖకు. ఇంటెలిజెన్స్ బ్యూరో వాళ్లు ఆ మనిషి గురించి ఆరా తీస్తారు. ఏం రాశారో మనకు తెలియదు. చాలాసార్లు ఆ మనిషికే తెలియదు! తర్వాత సుప్రీంకోర్టు కొలీజియం, అంటే పేర్లు ఖాయం చేసే సీనియర్ జడ్జీల బృందం. హైకోర్టు నియామకాలకు చీఫ్ జస్టిస్, మరో ఇద్దరు. సుప్రీంకోర్టు నియామకాలకైతే చీఫ్ జస్టిస్, మరో నలుగురు. వాళ్లు సరేనంటే మళ్లీ న్యాయశాఖ, ప్రధాని, రాష్ట్రపతి. ఈ దారిలో ఫైలు ఎక్కడైనా ఆగొచ్చు. ఎవరి బల్ల మీద ఆగింది? ఎన్నాళ్లయింది? ఎందుకాగింది? అడగడానికి మనకు కౌంటరు లేదు. తహసీల్దారు ఆఫీసులోనైనా గుమస్తా మొహం చూసి "రేపు రా" అంటాడు! ఇక్కడ ఆ మాట చెప్పే దిక్కు కూడా లేదు.

ఇది ఇలా ఎప్పట్నుంచి? రాజ్యాంగంలో కొలీజియం అన్నదే లేదు. జడ్జీలను సంప్రదించి రాష్ట్రపతి నియమిస్తారని మాత్రమే ఉంది. 1949 మే 24న రాజ్యాంగ సభలో అంబేద్కర్ ముందే హెచ్చరించారు. చీఫ్ జస్టిస్ ఎంత గొప్పవాడైనా ఆయనా మనిషే, మనకున్న బలహీనతలు ఆయనకూ ఉంటాయి, నియామకాల్లో చివరిమాట ఆయన చేతిలో పెట్టడం ప్రమాదం అన్నారు. అలాగని అంతా ప్రభుత్వం చేతుల్లో పెట్టేయమనీ అనలేదు. ఆ రెండో ప్రమాదం ఎలా ఉంటుందో తర్వాత దేశమంతా చూసింది.

1973లో ముగ్గురు సీనియర్ జడ్జీలను తొక్కేసి నాలుగో ఆయన్ని చీఫ్ జస్టిస్ చేశారు. ఎమర్జెన్సీలో, 1976లో, 16 మంది హైకోర్టు జడ్జీలను రాష్ట్రాలు దాటించారు. మన జస్టిస్ చిన్నపరెడ్డిని పంజాబ్-హర్యానాకు పంపింది అప్పుడే! ఎమర్జెన్సీలోనూ మనిషి ప్రాణానికి కోర్టు అండ ఉండాలని ఒంటరిగా రాసిన జస్టిస్ ఖన్నాకు 1977లో చీఫ్ జస్టిస్ పదవి దక్కలేదు. ఆ దెబ్బలు తిన్నాకే 1993లో తొమ్మిది మంది జడ్జీల బెంచ్ పగ్గాలు తమ చేతికి తీసుకుంది. 1998లో ఐదుగురి కొలీజియం ఖాయమైంది. మంత్రి జేబులోంచి జడ్జీలను బయటికి లాగారు. మంచిదే! కాదనం. కానీ లాగినవాళ్లు తీసుకెళ్లి ఎక్కడ పెట్టారు? తలుపులు మూసిన గదిలో!

2014లో పార్లమెంటు జాతీయ న్యాయ నియామకాల కమిషన్ చట్టం చేసింది. ఆరుగురు సభ్యులు. ముగ్గురు జడ్జీలు, న్యాయశాఖ మంత్రి, ఇద్దరు ప్రముఖులు. ఏ ఇద్దరు అడ్డం తిరిగినా పేరు ఆగిపోతుంది. మంత్రి మళ్లీ తలుపు సందులో కాలు పెట్టినట్టే! 2015 అక్టోబరు 16న సుప్రీంకోర్టు నాలుగు ఒకటి తేడాతో దాన్ని కొట్టేసింది. ఆ ఒక్కరు ఎవరు? మన కృష్ణా జిల్లా మొవ్వ మండలం బిడ్డ జస్టిస్ జాస్తి చలమేశ్వర్! కొలీజియంలో ఏం జరుగుతోందో జనానికీ తెలియదు, చరిత్రకూ మిగలదు అని తన తీర్పులో గట్టిగా రాశారు. రాసి ఊరుకున్నారా? 2016లో తానే కొలీజియం సభ్యుడై ఉండి, మాట్లాడుకున్నది కాగితం మీద పెట్టకపోతే సమావేశాలకు రానని భీష్మించారు. లోపల కూర్చునే మనిషికే అది చీకటిగదిలా తోస్తే, గేటు బయట నిలబడ్డ మనకేం కనిపిస్తుంది?

ఇంకో సంగతి వినండి. ఆ కమిషన్‌ను కొట్టేసిన బెంచే, కొలీజియాన్ని బాగుచేయడానికి సలహాలు పంపండని 2015లో జనాన్ని అడిగింది. జనం వేల పేజీలు రాసి పంపారు! అర్హతలు రాసిపెట్టండి, సెక్రటేరియట్ పెట్టండి, ఫిర్యాదులు వినే పద్ధతి పెట్టండి అని. ఆ డిసెంబరులో కోర్టు బంతిని ప్రభుత్వం వైపు కొట్టింది, జడ్జీలతో మాట్లాడి కొత్త విధివిధానాలు రాయమంది. ఇప్పటికి పదేళ్లు. రాశారా? ఇంకా రాస్తూనే ఉన్నారు! మన భూమి సర్వేకు పదేళ్లు పట్టిందంటే వీఆర్వో చొక్కా పట్టుకుంటాం. ఇక్కడ ఎవరి చొక్కా పట్టుకోవాలి?

"కోర్టును ప్రశ్నిస్తే ధిక్కారం" అని భయపెడతారు. భయపడకండి! తీర్పును అమలు చేయకపోతే ధిక్కారం. తీర్పరులను ఎలా ఎంచుతున్నారని అడగడం పౌరుడి పని. చీఫ్ జస్టిస్ కార్యాలయం కూడా సమాచార హక్కు చట్టం కిందికి వస్తుందని 2019 నవంబరు 13న ఐదుగురు జడ్జీల బెంచే చెప్పింది. అయితే మాట ఒకటి, చేత ఒకటి! 2018 డిసెంబరు 12న కొలీజియం కూర్చుంది. ఏదో అనుకున్నారని తర్వాత బయటికి పొక్కింది. ఆ రోజు ఏం జరిగిందో చెప్పమని ఒక సమాచార హక్కు కార్యకర్త అడిగారు. సంతకాలైన తుది తీర్మానమైతేనే ఇస్తాం, మధ్యలో అనుకున్నవి ఇవ్వం అని 2022 డిసెంబరులో సుప్రీంకోర్టు కొట్టేసింది.

సరే, తుది తీర్మానాలైనా చూద్దామా? 2017 అక్టోబరు నుంచి వాటిని జనం ముందు పెడుతున్నారు. తీసి చదవండి. "అభ్యర్థి యోగ్యుడు, తగినవాడు." దేనికి తగినవాడు? రాసిన తీర్పులు చూశారా, వాదించిన కేసులు చూశారా? చాలాసార్లు ఉండదు. బదిలీ తీర్మానం చూడండి. "మెరుగైన న్యాయ నిర్వహణ కోసం." 2022 నవంబరులో తెలంగాణ నుంచి ముగ్గురిని, ఆంధ్ర నుంచి ఇద్దరిని రాష్ట్రాలు దాటించాలని కొలీజియం సిఫార్సు చేసింది. మన వకీళ్లు కోర్టులు బంద్ పెట్టి రోడ్డెక్కారు. ఎందుకు పంపుతున్నారయ్యా అని అడిగితే జవాబు అదే ఒక్క ముక్క! ఆ జడ్జి పనిమంతుడైతే ఇక్కడెందుకు ఉండకూడదు? పనికిరానివాడైతే చెన్నై, పట్నా, అలహాబాద్ జనం ఏం పాపం చేశారు?

జస్టిస్ అకిల్ కురేషీ సంగతి చూడండి. 2019 మేలో ఆయన్ని మధ్యప్రదేశ్ హైకోర్టు చీఫ్ జస్టిస్ చేయమని కొలీజియం రాసింది. ప్రభుత్వం కదల్లేదు. సెప్టెంబరులో కొలీజియమే మాట మార్చి త్రిపురకు పంపమంది. ప్రభుత్వం ఏదో సమాచారం పంపిందన్నారు. ఏం సమాచారం? ఇప్పటికీ తెలియదు. 2025 అక్టోబరులో హైకోర్టు జడ్జి జస్టిస్ అతుల్ శ్రీధరన్ బదిలీని ఛత్తీస్‌గఢ్‌కు బదులు అలహాబాద్‌కు మార్చారు. ప్రభుత్వం పునఃపరిశీలన కోరిందని తీర్మానంలోనే రాశారు! ఎందుకు కోరిందో మాత్రం రాయలేదు. అదే ఏడాది ఆగస్టులో కొలీజియంలోని ఏకైక మహిళ జస్టిస్ నాగరత్న ఒక పేరుకు అసమ్మతి రాసిచ్చారని పత్రికలన్నీ రాశాయి. తీర్మానంలో ఆ ఊసే లేదు.

చూశారా కిటుకు? జడ్జీలేమో స్వతంత్రత కోసం గది మూశామంటారు. ప్రభుత్వమేమో ఆ గది కిటికీలోంచి చేయి పెట్టి తనకు నచ్చని ఫైలు పక్కకు లాగుతుంది. గది మూసింది మన కళ్లకే, వాళ్ల చేతులకు కాదు! చీకటి వల్ల స్వతంత్రత నిలబడుతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. నచ్చని జడ్జిని అడ్డుకునే మంత్రికి చీకటిని మించిన చుట్టం లేదు.

మరి ఆ గదిలోంచి వస్తున్నదెవరు?

2018 నుంచి 2023 జూలై దాకా హైకోర్టుల్లో నియమితులైన 604 మంది లెక్కను న్యాయశాఖ మంత్రే పార్లమెంటులో చెప్పారు. జనరల్ 458 మంది. ఓబీసీలు 72. మైనారిటీలు 34. ఎస్సీలు 18. ఎస్టీలు 9 మంది! మరో 13 మంది వివరం లేదు. 604 మందిలో తొమ్మిది మంది! రంపచోడవరం తల్లీ, ఆసిఫాబాద్ అన్నా, వింటున్నారా?

ఆడవాళ్ల సంగతి మరీ అన్యాయం. పరీక్ష పెట్టి తీసుకునే కింది కోర్టుల్లో మూడో వంతుకు పైగా ఆడ జడ్జీలున్నారు. పరీక్ష లేని హైకోర్టుల్లో నూటికి పదిహేను మంది లేరు. ఒకే దేశం, ఒకే చట్టం, అవే లా కాలేజీలు! నోటిఫికేషన్ ఉన్న చోట మన ఆడపిల్ల గెలిచి లోపలికి వెళ్తోంది. "మనవాళ్లేనా" అని చూసి పిలిచే చోట గుమ్మం బయటే ఆగిపోతోంది. సుప్రీంకోర్టుకు 1989లో జస్టిస్ ఫాతిమా బీవీ వెళ్లారు, మొట్టమొదటి ఆడ జడ్జిగా. అప్పట్నుంచి 2021 దాకా అక్కడికి చేరినవాళ్లు పదకొండు మంది. అంతే!

ఆ "మనవాళ్ల"లో చుట్టాలూ ఉంటారన్న మాట మేం ఊహించి చెప్పట్లేదు. సుప్రీంకోర్టే 2025 మే 5న ఒక పట్టిక బయటపెట్టింది. 2022 నవంబరు నుంచి ఆనాటిదాకా హైకోర్టులకు ఎంచిన పేర్లు, తేదీలు, సామాజిక వర్గం, చివరికి ఇప్పటి జడ్జీలకో మాజీ జడ్జీలకో చుట్టమా కాదా అన్న గడి కూడా! జస్టిస్ సంజీవ్ ఖన్నా హయాంలో చేశారు. జడ్జీల ఆస్తుల వివరాలూ అప్పుడే పెట్టారు. అలా పెడితే ఏమైంది? ఆకాశం ఊడిపడిందా? న్యాయవ్యవస్థ కూలిందా? ఏమీ కాలేదే! అంటే చెప్పడం కుదురుతుందన్నమాట. ఇన్నాళ్లూ చెప్పదలుచుకోలేదన్నమాట! అయితే ఆ పట్టికంతా నియామకాలు అయిపోయాక చెప్పింది. పెళ్లయ్యాక లగ్నపత్రిక పంచితే ఏం లాభం? ముందు చెప్పండి!

జడ్జీ చుట్టం జడ్జి కాకూడదని మేం అనట్లేదు. తెలివైన బిడ్డ ఎవరింట్లోనైనా పుడుతుంది. పోటీ పెట్టి, పది మంది ముందు నిలబెట్టి, ఇందుకు తీసుకున్నాం అని రాసిస్తే మేమే చప్పట్లు కొడతాం.

ఇది జరిగే పనేనా అని అడుగుతారు. ఇంగ్లండులో 2006 నుంచి జడ్జీల ఎంపికకు వేరే కమిషన్ ఉంది. ఖాళీలకు ప్రకటన వేస్తారు, దరఖాస్తులు తీసుకుంటారు. ఆ కమిషన్ చైర్మన్ జడ్జీ కాకూడదు, వకీలూ కాకూడదు! దక్షిణాఫ్రికాలో పెద్ద కోర్టుల జడ్జీ పదవికి వచ్చేవాళ్లను జనం చూస్తుండగా ప్రశ్నలడుగుతారు. అక్కడా లోపాలున్నాయి, రాజకీయం దూరుతూనే ఉంది. అయినా దూరింది జనం కంటికి కనిపిస్తుంది! మనకు అదే తేడా కావాలి.

మన డిమాండు సూటిగా ఒక్కటే, జడ్జీల ఎంపిక జనం చూస్తుండగా జరగాలి! అందుకని హైకోర్టు ఖాళీలకు నోటిఫికేషన్ వేయాలి. ఏం చూసి ఎంచుతారో ముందే రాసిపెట్టాలి. అడ్వకేటైతే పేదల కేసులు ఎన్ని వాదించాడో అందులో ఒక కొలమానం కావాలి, ఇది మా పట్టుదల! పరిశీలనలో ఉన్న పేర్లు ముందే బయటపెట్టి అభ్యంతరాలకు గడువివ్వాలి. ఉత్తుత్తి ఆకాశరామన్న ఉత్తరాలు చెత్తబుట్టలో వేసి, సంతకం చేసిన ఫిర్యాదు మాత్రమే చూడాలి. ఎంచినా వద్దన్నా కారణం రాయాలి. ప్రభుత్వం ఫైలు మీద కూర్చుంటే ఊరుకోకూడదు. 2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టే గడువులు పెట్టింది, ఇంటెలిజెన్స్ బ్యూరోకు ఆరు వారాల లోపు, కేంద్రానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు. ఆ గడువు దాటిన ప్రతి ఫైలు పేరూ, అది ఏ బల్ల మీద ఉందో ప్రతి నెలా ప్రకటించాలి. ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, మహిళల పేర్లు ఎన్ని పరిశీలించారో, ఎన్ని వదిలేశారో కూడా! వీటన్నిటినీ చూసే శాశ్వత సంస్థ మంత్రి చేతి కిందా ఉండకూడదు, జడ్జీల చేతి కిందా ఉండకూడదు. కక్షిదారుల తరఫు మనుషులు అందులో కూర్చోవాలి. అవును, మన మనుషులు! కేసు మనది, కోర్టు ఫీజు మనది, జీతాలిచ్చే పన్నులు మనవి. కుర్చీ మాత్రం మనది కాదా?

తమ్ముడూ, వకీలూ! నీతో ఒక మాట. నీకు ఇందులో అందరికంటే ఎక్కువ భయం, మాకు తెలుసు. రేపు ఆ జడ్జి ముందే నిలబడాలి. సీనియర్ కళ్లెర్రజేస్తాడు. కానీ 2016లో హైదరాబాద్‌లో ఏం జరిగిందో గుర్తు తెచ్చుకో. రెండు రాష్ట్రాల మధ్య న్యాయాధికారుల పంపకం సరిగా లేదని సాక్షాత్తూ కింది కోర్టు జడ్జీలే రోడ్డెక్కారు, సస్పెన్షన్లు తిన్నారు! వకీళ్లు వాళ్ల పక్కన నిలబడ్డారు. రెండున్నరేళ్లు తిరిగేసరికి హైకోర్టు రెండయింది. జడ్జీలే రోడ్డు మీదికి రాగా లేనిది, బార్ అసోసియేషన్ మీటింగులో చెయ్యెత్తడానికి నీకేం అడ్డం? వచ్చే జనరల్ బాడీలో తీర్మానం పెట్టించు. నీ వెనక కక్షిదారులం వరండా నిండా ఉంటాం.

ఇక మనందరం చేయాల్సింది వినండి. మన రెండు రాష్ట్రాల నుంచి లోక్‌సభలో 42 మంది ఎంపీలున్నారు. ఊళ్లోకి వచ్చినప్పుడు దండ వేసే ముందు అడగండి: జడ్జీల ఎంపిక విధివిధానాలు పదేళ్లుగా ఎందుకు ఆగాయో సభలో అడిగావా అయ్యా? లేదంటే దండ పక్కన పెట్టండి!

ఒక తెల్లకాగితం తీసుకోండి. సమాచార హక్కు దరఖాస్తు తెలుగులోనే రాయొచ్చు, చట్టం 6వ సెక్షన్ ఆ హక్కిచ్చింది. పది రూపాయల పోస్టల్ ఆర్డరు జత చేయండి. తెల్లకార్డుంటే కార్డు జిరాక్సు పెట్టండి, ఫీజు లేదు. న్యాయశాఖ జస్టిస్ డిపార్ట్‌మెంటు, జైసల్మేర్ హౌస్, మాన్‌సింగ్ రోడ్, న్యూఢిల్లీ 110011కు పంపండి. ఇలా రాయండి:

"మా హైకోర్టులో మంజూరైన జడ్జీ పోస్టులెన్ని, ఈ రోజు ఖాళీలెన్ని? హైకోర్టు కొలీజియం నుంచి వచ్చిన ఎన్ని పేర్లు మీ దగ్గర పెండింగులో ఉన్నాయి, ఒక్కొక్కటి ఏ తేదీ నుంచి? సుప్రీంకోర్టు రెండోసారి పంపినా నియమించని పేర్లెన్ని? 2015లో మొదలుపెట్టిన కొత్త విధివిధానాలు ఏ దశలో ఉన్నాయి?"

ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. ఇవ్వకపోతే అప్పీలు వేయండి. వాయిదాలు మనకు కొత్తా! ఒక్కడు రాస్తే బుట్టలో పడుతుంది. ఈ కోర్టుకు రోజూ వచ్చే మనమంతా తలా ఒకటి రాస్తే ఎన్ని బుట్టలు పెడతారో చూద్దాం!

చదువు రానివాళ్లకు ఈ గేటు పక్కన టైపు మిషను దగ్గర మావాళ్లు రాసిపెడతారు, డబ్బులొద్దు. చదివాక ఈ కాగితంలో బజ్జీలు చుట్టకండి. పక్క బెంచీ మీద కూర్చున్నవాళ్లకు ఇవ్వండి. మీ ఊరి బస్సులో ఒకటి వదలండి. మీ వకీలుగారి టేబుల్ మీద ఒకటి పెట్టండి, ఏమంటారో చూసి వచ్చి మాకు చెప్పండి.

జడ్జీల ఎంపికకు నోటిఫికేషన్ వేయాలి!
పేరు ముందే చెప్పాలి! కారణం రాసివ్వాలి!
మంత్రి జేబు వద్దు! మూసిన గది వద్దు!

— వాయిదాల మీద బతుకుతున్న కక్షిదారులు, వాళ్ల పక్కన నిలబడ్డ జూనియర్ వకీళ్లు, గుమస్తాలు